ఇంటి దగ్గరే లామినేటెడ్ రికర్వ్ విల్లు: విశాఖ తేమలో వెదురు పొరలు అతికించే పద్ధతి

మా ఇంట్లో వంటింటి కాటా కనబడకపోతే మా ఆవిడ ఎవర్నీ అడగదు, నేరుగా డాబా మీదికి వచ్చేస్తుంది. అక్కడ రేకుల షెడ్డులో నేను వెదురు పలకల్ని తూస్తూ ఉంటాను. అదే పలక, రోజూ అదే వేళకి. బరువు తగ్గడం ఆగిపోతే అందులో పోవాల్సిన తేమ పోయినట్టు. అంతవరకు జిగురు డబ్బా మూత తియ్యను. ఈ కాటా అలవాటు నాకు మొదట్లో లేదు. మొదటి విల్లు ఆగస్టులో, ముసురు పట్టిన వారంలో అతికించాను. ఇరవయ్యో బాణానికో ఇరవై రెండోదానికో పై రెక్క, అంటే పిడికి పైన వంగే సగం, టప్‌మని విచ్చుకుంది. విరిగిన చోట చూస్తే జిగురు ఒక పొరకే అంటుకుని ఉంది, రెండో పొర వెదురు కడిగినట్టు శుభ్రంగా ఉంది. తప్పు జిగురుది కాదు, నాదే.

అందుకే ఈ మార్గదర్శిలో జిగురు పూసే రోజు కన్నా దానికి ముందు నెల గురించే ఎక్కువ ఉంటుంది.

ఏ విల్లు చేస్తున్నాం

కుడిచేతి వాటం వాళ్లకి, 62 అంగుళాల పొడవు, 28 అంగుళాలు లాగితే 35 నుంచి 40 పౌండ్ల బలం. ఒకే ముక్కగా ఉండే రికర్వ్. అంటే రెక్కల కొసలు విలుకాడికి అవతలివైపు వంగి ఉంటాయి. నారి ఎక్కించాక కొసల దగ్గర నారి రెక్కకి ఆనుకుని ఉంటుంది. లాగుతున్న కొద్దీ ఆ వంపు విప్పుకుంటూ పోతుంది కాబట్టి చివర్లో లాగడం ఒక్కసారిగా బరువెక్కదు.

అరకు, పాడేరు వైపు కొండ ఊళ్లలో పెద్దవాళ్లు చేసే విల్లు వేరు. ఒకే వెదురు బద్ద, దానికి వెదురుతోనే తీసిన నారి. అది అరపూటలో తయారవుతుంది, ఆ పనికి అదే సరి. మన రికర్వ్ వంపు మాత్రం ఒకే కర్రలో నిలబడదు, కొన్నాళ్లకి సాగి తిన్నగా అయిపోతుంది. పొరలుగా వంచి, వంచిన స్థితిలోనే అతికిస్తే నిలబడుతుంది.

పొరల అమరిక చాలా మామూలు తర్కం. విల్లు వంగినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది, మధ్యలో పెద్ద శ్రమ ఉండదు. కాబట్టి రెండు బయటి ముఖాలకీ ఫైబర్‌గ్లాస్, మధ్యలో తేలికైన వెదురు. గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది: రెక్క బిగువు వెడల్పుతో సమానంగా పెరుగుతుంది, మందంతో మాత్రం మూడో ఘాతంలో పెరుగుతుంది. 8.4 మిల్లీమీటర్ల రెక్క 8.6 అయితే బిగువు 7 శాతం పైనే పెరుగుతుంది. 38 పౌండ్ల విల్లులో అది రెండున్నర పౌండ్ల పైమాటే. అందుకే వెర్నియర్ క్యాలిపర్ లేకుండా ఈ పనిలోకి దిగొద్దు.

సామాను

ఫైబర్‌గ్లాస్ దగ్గర ఎక్కువమంది మోసపోతారు. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే జీ-10, ఎఫ్ఆర్-4 షీట్లలో దారాలు గుడ్డలాగా నేసి ఉంటాయి, అంటే సగం దారాలు అడ్డంగా పోతాయి. మనకి కావాల్సింది దారాలన్నీ పొడవునా ఒకే దిశలో ఉండే యూనిడైరెక్షనల్ స్ట్రిప్. మందం 1 మిల్లీమీటరు, వెడల్పు 45. వెన్నువైపు, అంటే విలుకాడికి అవతలి ముఖానికి, 160 సెంటీమీటర్లది ఒకటి, పొట్టవైపు, అంటే విలుకాడి వైపు ముఖానికి, 80 సెంటీమీటర్లవి రెండు. విల్లుల సామాను అమ్మేవాళ్ల దగ్గర ఆర్డరు పెట్టుకోవాలి, వచ్చేదాకా వెదురు పని చూసుకోవచ్చు.

జిగురు ఎపాక్సీ. ఐదు నిమిషాల్లో గట్టిపడేది అసలు వద్దు. నేను వాడేది అరాల్డైట్ ఏడబ్ల్యూ 106 రెజిన్, హెచ్‌వీ 953 హార్డెనర్. బరువులో అయితే 100కి 80, పరిమాణంలో అయితే సగం సగం. ఈ తేడా తెలియక బరువులో సగం సగం కలిపేవాళ్లున్నారు. ఈ తూకానికి వంటింటి కాటా వాడకండి, వేరేది కొనండి. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

మిగతావి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఓ డజను సి క్లాంపులు, రెండు మూడు పాత సైకిల్ ట్యూబులు, సన్‌మైకా ముక్క, అసిటోన్, నైట్రైల్ గ్లవుజులు, 60, 80, 120, 220 నంబర్ల ఉప్పు కాగితాలు. రంపపు మెషీన్లు సొంతంగా లేకపోతే బాధ లేదు. బ్యాండ్ సా ఉన్న వడ్రంగి షాపు కంచరపాలెంలోనో గాజువాకలోనో ఎక్కడైనా దొరుకుతుంది. గీత గీసి ఇస్తే కోసి పెడతారు. నాకు కోసిచ్చే మేస్త్రీ మొదటిసారి ఆ గీతలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ ఇది, ఉయ్యాల బల్లకి కాలా?" అన్నాడు.

ఫైబర్‌గ్లాస్ కోసేటప్పుడు, గీకేటప్పుడు ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఒంటికి అంటితే దురద రాత్రంతా వదలదు. ముందు చన్నీళ్లతో రుద్దకుండా కడుక్కోండి.

వెదురు దిమ్మ

మూడేళ్లు దాటిన, గోడ మందంగా ఉన్న గట్టి వెదురు తీసుకోండి. లేత వెదురు పచ్చగా నిగనిగలాడుతుంది, ముదురుది కాస్త మాసిన రంగులో ఉంటుంది, గోటితో కొడితే ఖంగుమంటుంది. పౌడరు రాలుతున్న బొంగు వద్దు, పురుగు లోపల ఉన్నట్టే.

బొంగు గుండ్రంగా ఉంటుంది, మనకి కావాల్సింది 45 మిల్లీమీటర్ల వెడల్పున్న చదును పలక. కాబట్టి ముందు దిమ్మ కట్టాలి. బొంగుని 22 మిల్లీమీటర్ల వెడల్పు బద్దలుగా చీల్చి, లోపలి మెత్తని భాగం, పైని నున్నని తోలు చిత్రిక పట్టి తీసేస్తే 8 మిల్లీమీటర్ల మందం మిగలాలి. 85 సెంటీమీటర్ల పొడవున ఇలాంటివి ఆరు. ఆరింటినీ ముఖానికి ముఖం ఆనించి అతికిస్తే 48 మిల్లీమీటర్ల వెడల్పు, 22 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న దిమ్మ వస్తుంది. కణుపులు ఒకే వరసలోకి రాకుండా బద్దల్ని ముందుకీ వెనక్కీ జరపండి. కణుపు దగ్గర నారలు మెలిక తిరుగుతాయి, ఆరు మెలికలు ఒకచోట చేరితే అక్కడే విరుగుతుంది.

ఆ దిమ్మ నుంచి బ్యాండ్ సా మీద నాలుగు పలకలు కోయాలి. ఒక్కోటీ 4 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. నాలుగూ ఒకే దిమ్మవి కావడమే ఇందులో కిటుకు. పై రెక్కకీ కింది రెక్కకీ ఒకే వెదురు పడితే చివర్లో తూకం కుదర్చడం సగం పని తగ్గుతుంది. కోసిన వరస ప్రకారం పెన్సిల్‌తో 1, 2, 3, 4 అని రాసుకోండి. 1, 2 పై రెక్కకి ఒక సమపొర, ఒక వాలుపొర. 3, 4 కింది రెక్కకి.

సమపొర చివరినుంచి చివరిదాకా 3.2 మిల్లీమీటర్లు. వాలుపొర పిడివైపు 3.6తో మొదలై, ప్రతి 100 మిల్లీమీటర్లకీ 0.2 తగ్గుతూ, కొస దగ్గరికి 2.0 అవ్వాలి. చేత్తో చిత్రిక పట్టి ఇంత కచ్చితం తేవడం నావల్ల కాలేదు. డ్రిల్ ప్రెస్‌కి ఉప్పు కాగితం చుట్టిన డ్రమ్ము పెట్టి, పక్కన ఒక అడ్డుచెక్క బిగించి, ఆ సందులోంచి పలకని లాగుతాను. వాలు కోసం అంతే వాలున్న ప్లైవుడ్ బద్ద ఒకటి చేసుకుని, పలకని దానికి డబుల్ టేపుతో అంటించి, రెండూ కలిపి లాగాలి. ఒక్కో లాగుడుకి 0.1 మిల్లీమీటరు మించి తియ్యొద్దు, వెదురు మాడుతుంది. ఎవరికీ కనబడని పొర కోసం రెండు సాయంత్రాలు పోతాయి, పోనివ్వండి.

వేడి పెట్టె

విశాఖలో ఎండలో పెట్టినా వెదురు ఒక స్థాయి దాటి ఆరదు. గాలిలో తేమ 75 శాతం ఉంటే కర్రలో తేమ దాని బరువులో 14 శాతం దగ్గర ఆగిపోతుంది. విల్లుకి 8 శాతం దగ్గర కావాలి. ఏసీ గది అక్కర్లేదు, ఉపాయం ఉంది. 30 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలినే 42 డిగ్రీలకి వేడి చేస్తే అందులోని నీరు మారకపోయినా తేమ శాతం 40కి పడిపోతుంది. ఆ గాలిలో వెదురు 7, 8 శాతానికి దిగుతుంది.

పెట్టె ప్లైవుడ్‌తో 180 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 45 ఎత్తు. తర్వాత ఫారంతో (విల్లుని వంచి పట్టే అచ్చుతో) సహా విల్లు ఇందులోనే పడుకోవాలి కాబట్టి ఈ కొలత. లోపల అల్యూమినియం ఫాయిల్, కింద నాలుగు పాత రకం ఫిలమెంట్ బల్బులు, ఎల్ఈడీలు అంతగా వేడెక్కవు కాబట్టి అవి వద్దు. ఇంక్యుబేటర్లలో పెట్టే చిన్న థర్మోస్టాట్ ఒకటి, రెండు చివర్లా బొటనవేలు పట్టేంత కన్నాలు. ఆ కన్నాలు లేకపోతే బయటికొచ్చిన తేమ పెట్టెలోనే ఉండిపోతుంది. బల్బులకీ చెక్కకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. నేను ఇంట్లో లేనప్పుడు స్విచ్ వెయ్యను.

పలకలు పెట్టి రోజూ తూయండి. నాకు మొదటి మూడు రోజులు బరువు బాగా దిగుతుంది, వారం పది రోజులకి మూడు రోజులు వరసగా ఒకే అంకె వస్తుంది. అప్పుడు చాలు. బయటికి తీసి రెండు రోజులు బల్ల మీద పడేశారంటే మళ్లీ మొదటికే. అతికించే గంట దాకా పెట్టెలోనే ఉంచండి.

ఫారం

ఫారం అంటే విల్లు వంపుని పట్టి ఉంచే అచ్చు. మూడు ప్లైవుడ్ ముక్కలు అతికిస్తే 54 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. సగం విల్లు వంపుని ఒక పలచటి ప్లై మీద గీసి కోసి, దాన్నే తిప్పి రెండో సగానికి వాడండి. చేత్తో రెండుసార్లు గీస్తే రెండు రెక్కలు రెండు రకాలు అవుతాయి. మధ్యలో 46 సెంటీమీటర్లు తిన్నగా ఉండాలి, అది రైజర్, అంటే పిడిగా మారే మధ్య దిమ్మ, కూర్చునే చోటు. అక్కణ్ణుంచి మెల్లగా కిందికి వాలి, చివరి 18 సెంటీమీటర్లు సుమారు 16 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరగాలి. వెన్ను కిందికి పెట్టి అతికిస్తాం కాబట్టి ఫారం కొసలు కిందికి వంగి ఉంటాయి.

పైముఖం పొడవునా మూలమట్టం పెట్టి చూడండి. పక్క గోడకి సరిగ్గా 90 డిగ్రీలు లేకపోతే విల్లు మెలితిరిగి పుడుతుంది, తర్వాత ఎంత గీకినా పోదు. మొత్తం ముఖానికి పార్శిల్ టేపు అంటించి మైనం రాయండి. నేను ఒకసారి ఓ జానెడు మేర టేపు మరిచిపోయి ఫారాన్ని ఉలితో చెక్కి విల్లుని విడదీసుకున్నాను.

రైజర్

నా రైజర్లన్నీ ఒకే దిరిసెన దుంగవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు మా వీధి చివర పడిపోయిన చెట్టు అది. రంపంతో ముక్కలు చేస్తుంటే ఒక ముక్క అడిగి తెచ్చుకుని, కొసలకి రంగు పూసి మెట్ల కింద పడేశాను. మీకు నల్లమద్ది, టేకు, తుమ్మ ఏదైనా పర్లేదు, పూర్తిగా ఆరి ఉండాలి అంతే. టేకులో నూనె ఉంటుంది, అతికించే ముందు అసిటోన్‌తో రెండుసార్లు తుడవాలి. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ మెత్తన, బొమ్మలకే ఉంచేద్దాం.

దిమ్మ 46 సెంటీమీటర్ల పొడవు, 45 మిల్లీమీటర్ల వెడల్పు, 60 మిల్లీమీటర్ల ఎత్తు. అడుగు ముఖం ఫారానికి కాంతి దూరకుండా ఆనాలి. పొట్టవైపు రెండు చివర్లా 12 సెంటీమీటర్ల మేర వాలుగా దిగి, కొస కాగితమంత పలచన అవ్వాలి. ఈ పలచటి కొసని ఫేడ్ అంటారు. అది మందంగా, మొండిగా ఆగిపోతే వంపు అంతా ఆ గీత దగ్గరే పడి విల్లు అక్కడే చస్తుంది. వెలుతురుకి ఎదురుగా పెడితే చివరి రెండు మిల్లీమీటర్లలోంచి వెలుగు కనబడాలి.

జిగురు పూసే రోజు

ముందు జిగురు లేకుండా మొత్తం బిగించి చూడండి, గడియారం పెట్టుకుని. ఫారం మీద వరస ఇది: వెన్ను ఫైబర్‌గ్లాస్, సమపొరలు రెండూ మధ్యలో తల కలిపి, వాలుపొరలు రెండూ అలాగే, వాటి మీద రైజర్, దాని వాలు మీదుగా పొట్ట ఫైబర్‌గ్లాస్ ముక్కలు, పైన టేపు చుట్టిన సన్‌మైకా బద్ద. కొసల దగ్గర వెదురు చిటపటమంటే ఆపి, హీట్ గన్‌తో ఆ భాగం వేడి చేసి ఫారం మీదే వంచి చల్లారనివ్వండి. ఎక్కడా కాగితం దూరే సందు ఉండకూడదు. సందు ఉంటే జిగురు నింపేస్తుందిలే అనుకోవద్దు.

ఆ తర్వాత అతికే ముఖాలన్నీ 60 నంబరుతో పొడవునా గరుకు చేసి, అసిటోన్ గుడ్డతో తుడవండి. గుడ్డకి మురికి అంటనంత వరకు. ఆ తర్వాత ఒట్టి వేలు తగలకూడదు, చేతి చెమట చాలు పాడు చెయ్యడానికి.

ఉదయం ఎండెక్కాక మొదలుపెడతాను. రెజిన్ 90 గ్రాములు, హార్డెనర్ 72. రెండు మూడు నిమిషాలు గిన్నె అడుగూ అంచులూ గీకుతూ కలపాలి. మే నెల వేడిలో డబ్బాలో ముద్దగా ఉంచితే త్వరగా వేడెక్కి చిక్కబడిపోతుంది, వెడల్పు పళ్లెంలో పోయండి. అతికే రెండు ముఖాలకీ పలచగా పూయాలి. పేర్చాక జారిపోకుండా మధ్యలో రైజర్ మీద మొదట ఒక క్లాంపు, అక్కణ్ణుంచి కొసల వైపు. గాలి, మిగులు జిగురు బయటికి తోసుకుంటూ పోతాం. రైజర్ మీద క్లాంపులు, రెక్కల మీద అంగుళం వెడల్పు కోసిన సైకిల్ ట్యూబు లాగి పట్టి ఫారంతో సహా చుట్టాలి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా కారిపోయి ఎండు అతుకు మిగులుతుంది. అంచు పొడవునా సన్నటి పూసల్లా జిగురు బయటికి వస్తే సరైన బిగువు.

ఫారంతో సహా పెట్టెలో పెట్టి 50 డిగ్రీల దగ్గర ఆరు గంటలు, తర్వాత స్విచ్ ఆపి తెల్లారేదాకా అందులోనే. వేడిగా ఉండగా విప్పొద్దు.

కోత, నారి, తూకం

ఫారం నుంచి తీసిన విల్లు అంచులు గాజు పెంకుల్లా ఉంటాయి, ముందు వాటిని ఆకురాయితో మొద్దు చేయండి. వెన్ను మీద కాగితం టేపు వేసి, కొస నుంచి కొసకి దారం లాగి మధ్యగీత గీయండి. రెక్క వెడల్పు ఫేడ్ దగ్గర 42 మిల్లీమీటర్లు, వంపు మొదలయ్యే దాకా మెల్లగా 36, కొస దగ్గర 16. ఈ కొలతల గీతకి రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు బయటగా కోయండి. ఆ రెండు మిల్లీమీటర్లే తర్వాత తూకం దిద్దుకునే పెట్టుబడి. కొసలకి హైలం షీటు ముక్కలు అతికించి, గుండ్రటి ఆకురాయితో నారి గాడి తీయండి. గాడిలో పదును అంచు ఉంటే నారి తెగుతుంది.

నారి డేక్రాన్ అనే పాలిస్టర్ దారంది, ఈ బలానికి 12 పోగులు, విల్లు కన్నా 4 అంగుళాలు తక్కువ పొడవు. నారి ఎక్కించడానికి కాలి మధ్య విల్లు పెట్టి వంచే పద్ధతి రికర్వ్‌కి పనికిరాదు, రెక్క మెలితిరుగుతుంది. రెండు కొసలకీ తొడిగే తాడు స్ట్రింగర్ వాడండి. మొదటిసారి ఎక్కించేటప్పుడు ముఖం పక్కకి పెట్టుకోండి, పిల్లల్ని కిందికి పంపేయండి.

నారి ఎక్కాక కొస వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. నారి రెక్క మధ్యగీత మీద పడాలి. ఒక పక్కకి పోతే, ఏ అంచు బలమైనదో ఏది బలహీనమో అని చాలామంది తికమక పడతారు. నేను పాటించేది ఒకటే: బలమైన అంచుని గీకాలి, ఏది బలమైనదో తేలకపోతే ఒక అంచు మీద పది లాగుళ్లు గీకి, మళ్లీ నారి ఎక్కించి, మెరుగైందా లేదా చూడాలి. మెరుగైతే అదే అంచు.

తర్వాత రైజర్, రెక్క కలిసే చోట నారి నుంచి రెక్క దాకా లంబంగా కొలవండి. పై రెక్క దగ్గర 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. లాగేటప్పుడు నారి మీద ఒక వేలు బాణం పైన, రెండు కింద ఉంటాయి కాబట్టి కింది రెక్క కాస్త బిగువుగా ఉండాలి. తేడా కుదరకపోతే బిగువున్న రెక్క వెడల్పుని రెండు అంచుల్లోనూ సమానంగా తగ్గించండి. వెన్ను, పొట్ట ఫైబర్‌గ్లాస్ జోలికి వెళ్లొద్దు, తెగిన దారం మళ్లీ అతకదు. గోడకి బిగించిన పిడిబల్ల మీద, కప్పీ తాడుతో, కొక్కెం కాటా తగిలించి, రెండు అంగుళాల చొప్పున లాగుతూ ప్రతి మెట్టులో ఇరవై సార్లు ఆడించండి. నా ఫారంలో ఈ మందానికి 28 అంగుళాల దగ్గర 38 పౌండ్లు వచ్చింది. మీ వంపు మారితే అంకె మారుతుంది, అది రాసి పెట్టుకుని తర్వాతి విల్లుకి పొర మందం మార్చుకోండి.

పిడి, పాలిష్

పిడి మీ చేతిని బట్టి. బాణం కూర్చునే గట్టు విల్లు పొడవులో సరిగ్గా సగానికి 30 మిల్లీమీటర్లు పైన, ఎడమవైపు కిటికీ (బాణం పోయే దారికి తీసే కోత) పొడవునా గీసిన మధ్యగీతకి 3 మిల్లీమీటర్లు ఇవతలే ఆగాలి. ఒకేసారి లోతు తియ్యకండి. పాలిష్‌కి పాలీయురెథేన్ మూడు పలచటి పూతలు చాలు. ముసురు రోజున లాకర్ స్ప్రే కొడితే తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది, కార్ల పెయింటింగ్ వాళ్లని అడిగినా ఇదే చెబుతారు.

మొదటి బాణాలు

విల్లు పిడి నుంచి నారి దాకా దూరం 7.5 అంగుళాలతో మొదలుపెట్టి, నారికి మెలికలు వేస్తూ తీస్తూ విల్లు తక్కువ చప్పుడు చేసే చోట ఆపండి. బాణం బరువు పౌండుకి 9 గ్రెయిన్లు లెక్క, 38 పౌండ్లకి సుమారు 22 గ్రాములు. అంతకన్నా బాగా తేలిక బాణం వేస్తే మిగిలిన శక్తి రెక్కల్లోకే తిరిగొస్తుంది. బాణం లేకుండా నారి లాగి వదలడానికి విల్లు ఎవరికీ, సరదాకి కూడా ఇవ్వకండి, ఇంటికొచ్చిన ప్రతి బావమరిదీ చేసే మొదటి పని అదే. బాణాలు గడ్డి మోపు మీదికి, వెనక గోడ ఉన్న చోటే. డాబా మీద నుంచి వీధి వైపు గురి పెట్టే ఆలోచన వద్దు. జంతువుల మీదికి అసలే వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

పని అవగానే నారి దించి, గోడకి రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. ఎండలో మూసిన కారులో వదిలేస్తే ఈ ఎపాక్సీ మెత్తబడుతుంది, అతుకులు జారతాయి. వానాకాలం ముందు ఒకసారి అంచుల వెంట వేలు నడిపి చూడండి. ఎక్కడైనా వార్నిష్ రేగి వెదురు గరుకుగా తగిలితే అదే రోజు చిన్న కుంచెతో ఒక చుక్క పూసేయండి, తేమ దూరేది అక్కణ్ణుంచే.